బెత్తమును గూర్చిన కొంత చరిత్ర

రజతోత్సవ సంచికకు మన ప్రాంత చరిత్రలో ఏదైన నొక విషయమును గూర్చి వ్రాయవలసినదని గ్రంథాలయ కార్యవర్గమువారు నన్ను కోరిరి. కోటలను గూర్చియు, చెరువులను గూర్చియు, శాసనములను గూర్చియు వ్రాయగల సమర్థులు మన ప్రాంతములోనే కలరు. నేను ముప్పదిరెండు సంవత్సరములు బడిపంతులుగా బ్రతికినవాడను. నాకు తెలిసినది బడి యొక్కటే. ఈ నడుమ రచ్చకట్టమీదను, బస్సులలోను, పెండ్లిపందిళ్లలోను, నలుగురు చేరినచోట నెల్ల బడిని గూర్చి ఒకే మాట వినవచ్చుచున్నది: "బెత్తం పాయె, బయం పాయె, బడి చెడిపాయె." ఈ మాటలో నిజమెంత గలదో చరిత్ర నడిగి చూడవలెనని ఈ నాలుగు పుటలు వ్రాయుచున్నాను.

మాట ఊరక పుట్టలేదు. 2024 డిసెంబరు మొదటి వారములో రాయచోటిలోని ఒక జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో, తరగతిలో అల్లరి మానుమని మందలించిన ఉపాధ్యాయునిమీద తొమ్మిదవ తరగతి బాలురు చేయిచేసికొనిరనియు, కొంతసేపటికే ఆయన ప్రాణములు విడిచెననియు పత్రికలలో వచ్చెను. అందలి నిజానిజములను తేల్చవలసినది న్యాయస్థానము. కాని మదనపల్లెకు రాయచోటి యెంత దూరము? ఆ వార్త చదివిన దినమున నాతోటి విశ్రాంత ఉపాధ్యాయులు పలువురు భోజనము చేయలేదని నాకు తెలియును. మరి మూడు నెలలకు, 2025 మార్చిలో, విజయనగరము జిల్లా బొబ్బిలి మండలములో ఒక ప్రధానోపాధ్యాయుడు, పిల్లలు మాట వినుట లేదను బాధతో, వారందరి యెదుట సాష్టాంగపడి తానే గుంజిళ్లు తీసెను. పిల్లలచేత అయివార్లు గుంజిళ్లు తీయించుట మనమెల్ల నెరిగినదే. పిల్లలముందు అయివారు గుంజిళ్లు తీయుట నా యెరుకలో అదియే మొదలు.

కనుక బెత్తము రాజ్యమేలిన కాలములో మన బడులు ఎట్లుండెడివో మొదట చూతము.

1822 జూన్ నెలలో మద్రాసు గవర్నరుగా నున్న సర్ థామస్ మన్రో, ప్రతి కలెక్టరును తన జిల్లాలోని బడుల లెక్క పంపుమని ఆజ్ఞాపించెను. ఈ మన్రో మన సీమకు క్రొత్తవాడు కాడు. 1800 మొదలు 1807 వరకు దత్తమండలములకు ముఖ్య కలెక్టరుగా నుండి రైతువారీ శిస్తును నెలకొల్పినవాడు. అప్పటికి చిత్తూరు జిల్లా యనునది లేదు. తిరుపతి, చంద్రగిరి, చిత్తూరు ప్రాంతములు ఉత్తరార్కాటులోను, మదనపల్లె, వాయల్పాడులు కడపలోను ఉండెను. ఈ రెండు ముక్కలను కలిపి 1911 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లాను ఏర్పరచిరి. లెక్కలన్నియు చేరిన పిదప 1826 మార్చిలో మన్రో తేల్చినదేమనగా, మద్రాసు రాజధాని యంతటను 12,498 బడులు కలవు, అనగా సుమారు వేయిమంది జనమునకు ఒక బడి యున్నది.

కలెక్టరులలో పలువురు అంకెలు పంపి ఊరకుండిరి. బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ మాత్రము బడి లోపల కూర్చుండి చూచినవానివలె 1823 ఆగస్టులో వ్రాసి పంపెను. ఈయన తెలుగు నేర్చి 1816లో తెలుగు వ్యాకరణమును అచ్చువేయించిన పండితుడు. అనంతపురము సీమ అప్పుడు బళ్లారి జిల్లాలోనిదే గనుక ఆయన వ్రాసినది మన పొరుగింటి కథ. ఆయన జిల్లాలో 533 బడులుండెను. ఒక్కొక్క బడికి సుమారు పండ్రెండుగురు పిల్లలు. ఈ పండ్రెండు అను సంఖ్యను పాఠకులు మనస్సునందుంచుకొనవలెను. దానితో మరల పని యున్నది.

ఉదయము ఆరు గంటలకు బడి మొదలగును. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు, అది గౌరవము. రెండవవాని చేతిలో సున్న చుట్టుదురు. గౌరవమును లేదు, అగౌరవమును లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగవవానికి రెండు. తరువాత వచ్చిన ప్రతివానికి ఒక్కొక్కటి హెచ్చు. పండ్రెండవవాడు ఏ పాపము నెరుగకున్నను పది దెబ్బలు తిని కూర్చుండవలెను. ఎవడో ఒకడు కడపటివాడు కాక తప్పదు గదా! పాఠము రానివానిని కొట్టుట, రెండు చేతులు కట్టి కప్పీమీదుగా దూలమునకు వ్రేలాడదీయుట, ఎడతెగక కూర్చుండి లేచునట్లు చేయుట, ఇవన్నియు క్యాంబెల్ వ్రాసినవే. వ్రేలాడదీయుట యనగా మన పెద్దలు చెప్పెడి కోదండము. మా తాతగారు వీధిబడిలో రెండు పర్యాయములు కోదండమెక్కిరట. ఆ మాట చెప్పినప్పుడెల్ల ఆయన నవ్వెడివారు. నవ్వుచునే మణికట్టు తడవుకొనెడివారు.

అట్లయినను నాటి వీధిబడికి మరియొక ముఖము కలదు. అయివారికి జీతమిచ్చువారు తల్లిదండ్రులే. కలిగినవాడు రూకలిచ్చును, లేనివాడు గింజలిచ్చును. దసరాకు అయివారు పిల్లలను వెంటబెట్టుకొని, పిల్లల చేతులకు విల్లంబులును గిలకలును ఇచ్చి, ఇంటింటికి తిరిగెడివాడు. ఇంటివారు అయివారికి కట్నమును, పిల్లలకు పప్పుబెల్లములును ఇచ్చెడివారు. ఈ ఆచారము మా బాల్యమున కొనయూపిరితో నుండెను. పిల్లవాడు బడిలో దెబ్బ తినినచో దెబ్బ కొట్టినవాడు సాయంకాలము వాని వాకిటనే నడచిపోవలెను. వాని తల్లి మొగము చూడవలెను, ఆమె పోసిన మజ్జిగ త్రాగవలెను. నాటి క్రమమును కాచినది బెత్తమా, ఈ రాకపోకలా యని అడిగినచో, రెండవదియే హెచ్చని నా యభిప్రాయము. అయితే ఆ బడిలో కూర్చున్నవా రెవ్వరు? పండ్రెండుగురలో ఆడపిల్లలు లేనట్లే. కూలివాని కొడుకు లేడు. మాల మాదిగల పిల్లలకు ఆ వాకిలి తెరచి యుండలేదు. నాటి క్రమమును పొగడువారు ఈ మాటను మరువరాదు.

ఇంత కొట్టినను పిల్లలు ఊరకుండిరా? బెంగాలు వీధిబడులను గూర్చి పందొమ్మిదవ శతాబ్దిలో ఒక కలకత్తా పత్రికలో వచ్చిన వ్యాసము, పిల్లలు గురువుమీద పగ తీర్చుకొనెడి ఉపాయములను పెద్ద పట్టికగా చెప్పినది. చాపక్రింద ముండ్లు పెట్టుట, హుక్కాలో పొగాకుతో మిరపగింజలు కలుపుట, చీకటిలో పొంచియుండి మట్టిబెడ్డలు విసరుట అందులోనివి. మన సీమ అయివార్లకు ఇట్టివి తెలియవని నేను నమ్మను. వ్రాసి పెట్టినవారు లేరు, అంతే.

ఇక్కడ నొకమారు సముద్రము దాటి చూడవలెను. ఏలయన మన బడులకు బెత్తమును శాస్త్రోక్తముగా నేర్పినవారు ఆంగ్లేయులు. వారి దేశములో దొరల బిడ్డలు చదువు బడులకే "పబ్లిక్ స్కూళ్లు" అని పేరు. ప్రపంచములో అంతకంటె కఠినముగా కొట్టిన బడులు అరుదు. అక్కడ జరిగిన దేమి? 1797లో రగ్బీ పాఠశాలలో, కిటికీ అద్దముల ఖరీదు పిల్లలే చెల్లింపవలెనని ప్రధానోపాధ్యాయుడు ఆజ్ఞాపింపగా, పిల్లలు తుపాకిమందుతో ఆయన గది తలుపు ప్రేల్చిరి. బల్లలు, పుస్తకములు ఆటస్థలములో కుప్పవేసి తగులబెట్టిరి. పట్టణములోనున్న సిపాయీలను పిలిపించి, అల్లరిమూకలకు చదివెడి చట్టమును ఆ పిల్లలకు చదివి వినిపింపవలసి వచ్చెను. 1818లో వించెస్టరు పాఠశాలలో తిరుగుబాటును బాకులు తొడిగిన తుపాకులతో సిపాయీలు వచ్చి అణచిరి. ఆ సంవత్సరమే ఈటన్ పాఠశాలలోను అల్లరి పుట్టెను. అచ్చటి ప్రధానోపాధ్యాయుడైన కీట్ అను నాయన 1832లో ఒక్క రాత్రి ఎనుబదిమంది బాలురను వరుసగా నిలువబెట్టి కొట్టెనని ప్రసిద్ధి. బెత్తముండినచో తిరుగుబాటు ఉండదను మాటకు ఇవి చాలినంత సమాధానము.

1797ను గూర్చి మరియొక వింత కలదు. రగ్బీలో తలుపు ప్రేలిన ఆ సంవత్సరమే లండనులో ఒక చిన్న పుస్తకము వెలువడెను. దానిని వ్రాసినవాడు ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు. అందులోని కథ మన మద్రాసుది. 1789లో ఎగ్మూరులో సిపాయీల అనాథ బాలురకై స్థాపించిన ఆశ్రమమునకు బెల్ అధికారి. ఒకనాడు స్వారి పోవుచు ఒక నాటుబడిలో పిల్లలు ఇసుకలో వ్రేళ్లతో అక్షరములు దిద్దుట చూచెను. తన బడిలో ఆ పద్ధతి పెట్టుమనగా ఉపాధ్యాయులు పెడచెవిని బెట్టిరి. అంతట బెల్, పెద్దపిల్లలచేతనే చిన్నపిల్లలకు చెప్పింప మొదలిడెను. నేరములను వ్రాయుటకు ఒక నల్లపుస్తకమును పెట్టెను. వారమునకొకమారు తప్పుచేసినవానిని పిల్లల పంచాయతీ యెదుట నిలిపి, ఆ పిల్లలే తీర్పు చెప్పునట్లు ఏర్పాటు చేసెను. దానివలన కొట్టవలసిన యవసరము చాల తగ్గినదని ఆయన వ్రాసికొనెను.

పెద్దవాడు చిన్నవానికి చెప్పుట మన వీధిబడులలో తొల్లి నుండియు నున్నదే. క్యాంబెల్ కూడ దానిని మెచ్చుకొని, ఇంగ్లండు దీనిని అనుకరించుట తగినదేయనెను. కాని ఇంగ్లండువారు గ్రహించినది దానిలోని చవుక. ఒక్క ఉపాధ్యాయుని జీతముతో వందలకొలది పిల్లలకు చెప్పవచ్చుననుటయే వారికి రుచించెను. పిల్లల పంచాయతీ మూలబడెను. బెత్తము మాత్రము కంపెనీవారితోను, ఆ తరువాత దొరతనమువారితోను తిరిగి మన దేశమునకు వచ్చెను.

దొరతనమువారి బడులలో రెండు మార్పులు జరిగెను. అయివారు ఊరివాడు గాక ఉద్యోగి యయ్యెను. జీతము పైనుండి వచ్చును, బదిలీ పైనుండి వచ్చును. తాలూకా బోర్డు, జిల్లా బోర్డు, 1959 నుండి పంచాయతీ సమితి, జిల్లా పరిషత్తు, ఇట్లు పేర్లు మారినవి గాని ఈ సంగతి మారలేదు. పండ్రెండుగురు పిల్లలు నలుబదియై, అరువదియైరి. ఇది మంచికే జరిగెను. ఏలయన, పూర్వము వాకిలి తెరువబడని బిడ్డలందరు లోపలికి వచ్చిరి. కాని అరువదిమందికి ఒక అయివారు అరువది గుణపాఠములు చెప్పలేడు. అందరికి ఒకటే పాఠము, ఒకటే వేగము. వెనుకబడినవానికి వేచియుండుటే పని, ముందుపోయినవానికిని వేచియుండుటే పని. వేచియున్న పిల్లవాని చేయి ఊరకుండదు. నా అనుభవములో తరగతి అల్లరిలో సగము అచ్చటనే పుట్టుచున్నది.

మదనపల్లె కథ లేనిదే మన జిల్లాలో విద్యార్థుల చరిత్ర పూర్తికాదు. 1915లో అనీ బెసెంటమ్మ అక్కడ థియసాఫికల్ కళాశాలను స్థాపించెను. రెండేండ్లు తిరుగకముందే హోంరూలు ఉద్యమము వచ్చెను. విద్యార్థులు రాజకీయ సభలకు పోరాదని 1917లో మద్రాసు ప్రభుత్వము ఉత్తరువు చేసెను. ఆ జూన్‌లోనే బెసెంటమ్మను నిర్బంధించిరి. మదనపల్లె విద్యార్థులు ఊరకుండలేదు. కళాశాలకు మద్రాసు విశ్వవిద్యాలయముతో నున్న అనుబంధము తెగి, అది అడయారు జాతీయ విశ్వవిద్యాలయమును ఆశ్రయించెను. ఆ జాతీయ విశ్వవిద్యాలయమునకు కులపతి రవీంద్రనాథ ఠాకూరు. ఆయన 1919 ఫిబ్రవరిలో మదనపల్లెకు వచ్చి కొన్నిదినములు విశ్రమించి, "జనగణమన" గీతమును అచ్చటనే ఇంగ్లీషులోనికి అనువదించుటయు, మార్గరెట్ కజిన్స్ గారు దానికి స్వరము కూర్చుటయు మన జిల్లావారు సగర్వముగా చెప్పుకొను ముచ్చట. అయితే నేను దానిని ఇక్కడ తెచ్చుట గర్వమునకు కాదు. నాటి ప్రభుత్వము దృష్టిలో ఆ పిల్లలు క్రమశిక్షణ తప్పినవారే. ఉత్తరువును ధిక్కరించుట వేరు, గురువుమీద చేయి యెత్తుట వేరు. ఈ రెండింటిని ఒక్క పేరుతో పిలిచినప్పుడెల్ల మనము పొరబడితిమి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కూడ కొందరు పెద్దలు విద్యార్థులను ఎన్నికల పనులకు వాడుకొని, వారు రాళ్లు పట్టగా క్రమశిక్షణ లేదని వగచిరి. డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు గారి అధ్యక్షతను 1952-53లో పనిచేసిన మాధ్యమిక విద్యా సంఘమువారు, పదునేడేండ్లలోపు పిల్లలను ఎన్నికల ప్రచారమునకు వాడుట నేరముగా చట్టము చేయవలెనని సిఫారసు చేసిరి. క్రమశిక్షణను గూర్చిన చర్చలో పెద్దలకు శిక్ష చెప్పిన సిఫారసు నాకు తెలిసి అదియొక్కటే. పిల్లలకు బడి నిర్వహణలో కొంత బాధ్యత నీయవలెననియు వారే చెప్పిరి. మొదటిది కాగితములలో నిలిచెను. రెండవది "క్లాసు లీడరు" అను పేరుతో, అల్లరిచేసినవారి పేర్లు నల్లబల్లమీద వ్రాయు నౌకరుగా మిగిలెను.

మదనపల్లెకే చెందిన మరియొక పిల్లవాని కథ చెప్పెదను. 1895 మే నెలలో అక్కడ జిడ్డు నారాయణయ్య గారను ప్రభుత్వోద్యోగికి ఎనిమిదవ బిడ్డ పుట్టెను. తండ్రి ఉద్యోగము చాలించి 1909లో కుటుంబముతో అడయారు చేరెను. పిల్లవానిని మైలాపూరులోని ఒక బడికి పంపిరి. వాడు బలహీనుడు, పరధ్యానము గలవాడు, పాఠము తలకెక్కనివాడు. దాదాపు ప్రతిదినము దెబ్బలు తినెడివాడు. ఒక్కొక్కప్పుడు అయివారు వసారాలో నిలువుమనగా పోయి నిలిచి, ఆయన మరచిపోయినచో సాయంకాలము దాక అట్లే నిలిచియుండెడివాడట. తమ్ముడు నిత్యానందుడు చేయిపట్టి ఇంటికి తీసికొని పోవలసి వచ్చెడిది. అయివారు బుద్ధిలేనివాడని తేల్చిన ఆ బాలుడే, తరువాత లోకమంతయు విన్న జిడ్డు కృష్ణమూర్తి.

ఆయన ప్రేరణచే హార్స్‌లీ కొండలకు దగ్గరలో, నేటి కురబలకోట మండలములో, రిషివ్యాలీ పాఠశాల ఏర్పడెను. మద్రాసులో గిండీయందు నడచుచుండిన థియసాఫికల్ బడి 1931లో అక్కడికి తరలివచ్చెను. జి. వి. సుబ్బారావు గారు చిరకాలము ప్రధానోపాధ్యాయులుగా నుండి, నీరులేని ఆ లోయలో బడిని నిలిపిరి. అక్కడ కొట్టుట లేదు. అంతకంటె విశేషము, బహుమానమును లేదు. ఒక పిల్లవానిని మరియొకనితో పోల్చుట యున్నచోట భయముండును, భయమున్నచోట నేర్చుకొనుట నిలువదు అనునది కృష్ణమూర్తిగారి బోధలోని సారము. వసారాలో నిలిచిన బాలుని మాటగా దానిని చదివినచో మరింత బాగుగా అర్థమగును.

ఇంతవరకు చెప్పగనే మన గ్రామస్థులు అడుగు ప్రశ్న నాకు తెలియును. "అది కలిగినోళ్ల బడి సామీ, ఫీజు కట్టేవాళ్లది. మా జిల్లా పరిషత్ బడికీ దానికీ పోలికేమి?" న్యాయమైన ప్రశ్నయే. మూడు నాలుగు వందల పిల్లలు బడిలోనే నివసించుచు, ఉపాధ్యాయులు వారితోనే తినుచుండు చోట కుదిరినది అన్నిచోట్ల కుదురదు. రిషివ్యాలీని చూపి ప్రభుత్వ బడిపంతులును మందలించు ఉపన్యాసకులను నేనును చాలమందిని వింటిని. వారిలో నలుబదిమంది తరగతిని ఒక్క గంట కాచినవారు అరుదు.

కాని అదే లోయనుండి ఆ ప్రశ్నకు జవాబు కూడ వచ్చెను. 1980ల నుండి రిషివ్యాలీవారి గ్రామీణ విద్యాకేంద్రము చుట్టుపట్ల పల్లెలలో చిన్న బడులు పెట్టెను. పద్మనాభరావు, రమ దంపతులు ఆ పనికి సారథులు. ఒక గది, ఒక అయివారు, అన్ని తరగతుల పిల్లలు. రైతుకూలీల బిడ్డలే. అక్కడివారు పాఠ్యపుస్తకమును విప్పి చిన్న చిన్న మెట్లుగా చేసి, ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క కార్డు వ్రాసిరి. అక్షరము రాని బిడ్డయు గుర్తుపట్టుటకు కార్డులమీద బొమ్మలుండును. గోడమీద నిచ్చెన బొమ్మ యుండును. పిల్లవాడు తానెక్కడ నున్నాడో దానిమీద చూచుకొని, తన కార్డు తానే తీసికొని కూర్చుండును. కొందరు అయివారి దగ్గర, కొందరు తమకంటె ముందున్న పిల్లల దగ్గర, కొందరు తమంతట తామే పని చేసికొందురు. జ్వరముతో వారము రోజులు రానివాడు, వేరుసెనగ కాయలు వలుచుటకు పోయి నాలుగు రోజులు మానినవాడు, వచ్చినపిమ్మట తాను విడిచిన మెట్టునుండియే ఎక్కును. వెనుకబడితినను సిగ్గు లేదు, వేచియుండుట లేదు. తల్లులను పిలిచి కథలు చెప్పించుట, మెట్రిక్ మేళా పేరుతో పిల్లలే త్రాసులు పట్టి ఊరివారికి తూకములు, కొలతలు చూపుట అక్కడ పాఠములోని భాగములు. ఈ పద్ధతిని చూచి పోయినవారి కృషివలన 2003 ప్రాంతమున మద్రాసు నగరపాలక పాఠశాలలలో ఇట్టి చదువే మొదలై, తరువాత తమిళనాడు అంతట ప్రాకెను.

అందు నూతనమేమి? క్యాంబెల్ చూచిన పండ్రెండుగురి బడిలో పెద్దవాడు చిన్నవానికి చెప్పెడివాడు, ఎవని పాఠము వానిది. బెత్తమును, వెలిని తీసివేసి మిగిలిన దానిని తిరిగి పట్టుకొనిరి. అంతియే.

మిగిలినచోట్ల జరిగినది వేరు. 2002లో మన రాష్ట్ర ప్రభుత్వము విద్యా నిబంధనలను సవరించి బడులలో కొట్టుటను నిషేధించెను. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము పదునేడవ సెక్షనులో శరీర దండనను, మనస్సును నొప్పించుటను రెండింటిని నిషేధించినది. ఈ చట్టము సరియైనదని నేను నిశ్చయముగా నమ్ముచున్నాను. కాని బెత్తమును తీసికొనిపోయిన చేయి దాని స్థానములో మరియొకటి పెట్టలేదు. తరగతి చిన్నది కాలేదు. పాఠము విరిగి మెట్లు కాలేదు. కోపమును, దుఃఖమును పంచుకొనుటకు పిల్లవానికి ఒక పెద్దమనిషిని చూపలేదు. అయివారికి మాత్రము హాజరు ఫోనులో పంపుట, భోజనపు లెక్క, గ్రుడ్ల లెక్క, మరుగుదొడ్ల ఫోటోలు అప్పగించిరి. ఇంట తండ్రి త్రాగి కొట్టును. చేతి ఫోనులో రాత్రియెల్ల కొట్లాటలు చూచును. ఊరిలోని కులపు కక్షలు వాడు వినకుండునా? ఇవన్నియు వాని సంచిలో పుస్తకములతో పాటు బడికి వచ్చుచున్నవి.

నేను నీతులు చెప్పుటకు అర్హుడను కాను. నా కథయు వినుడు. నేను ఉద్యోగములో చేరిన నాలుగైదేండ్లకు, పేరెందుకు గాని, మన జిల్లాలోనే యొక ఉన్నత పాఠశాలలో పనిచేయుచుంటిని. ఎనిమిదవ తరగతిలో ఒక బాలుడు మొదటి గంటలోనే నిద్రపోయెడివాడు. మూడు దినములు చూచి నాలుగవ దినమున కానుగ బరికెతో కొట్టితిని. చేయి తప్పి చెవిమీద తగిలెను. మరునాటి ఉదయము నా సైకిలు రెండు చక్రములును కోయబడి యుండెను. తరగతిలోని భారతదేశ పటము నిలువున చింపబడి యుండెను. ప్రధానోపాధ్యాయులు టీసీ ఇచ్చి పంపుదమనిరి. నేనును అదియే కోరితిని. మధ్యాహ్నము వాని అవ్వ వచ్చెను. తల్లి లేదట. ఆమె ఏడ్వలేదు, కాళ్లు పట్టుకొనలేదు. "అయివారూ, వాడు పొద్దున నాలుగు గంటలకే లేసి పట్టుపురుగులకి ఆకు కోసుకొచ్చి బడికొస్తాడు. పురుగు పండేదాకా మాకు ఎవురికీ నిద్దర లేదు. మీకెవురూ చెప్పలేదా?" అని మాత్రము అడిగెను.

నాకెవరును చెప్పలేదు. నేనును ఎవరిని అడుగలేదు. మదనపల్లె ప్రాంతములో మల్బరీ తోట లేని ఊరు లేదు. పురుగు నాలుగవ నిద్దర దాటిన వారము ఆ యిండ్లలో పొయ్యి కూడ సరిగా వెలుగదని నాకు తెలియనిది కాదు. ఆ తెలిసినది తరగతిలోనికి రాలేదు. టీసీ మాట విడిచితిమి. సైకిలు టైర్లకు సగము ఖరీదు వాడు సెలవులలో పనిచేసి ఇచ్చునట్లు అవ్వయే తీర్పు చెప్పెను. చింపిన పటమును గుడ్డమీద అతికించి తెచ్చుట వాని వంతు. కాశ్మీరము కొంచెము వంకరగా అతికెను, మూడేండ్లు అట్లే వ్రేలాడెను. బడిలోని పుస్తకముల బీరువా తాళపుచెవి వాని చేతికిచ్చితిని. ముప్పది నలుబది పుస్తకములుండెను. వాడు మహాపండితుడు కాలేదు. పదవ తరగతి రెండవమారు గట్టెక్కెను. కాని బీరువాలో ఒక్క పుస్తకము పోలేదు. నేను మరల బరికె పట్టలేదని చెప్పినచో అసత్యమగును. పట్టితిని, రెండు మూడుమార్లు, అలసిన దినములలో. ఆ చెవి మాత్రము జ్ఞప్తికి రాకపోలేదు.

ఈ కథలో క్రమమును నిలిపినది నేను కాను, ప్రధానోపాధ్యాయులు కారు. అవ్వ వచ్చుటయే. రాకున్నచో ఆ బాలుడు బడినుండి, నేను వాని దృష్టినుండి శాశ్వతముగా పోయియుందుము. విద్యాహక్కు చట్టము ఈ అవ్వలను బడికి రప్పించుటకే ప్రతి ప్రభుత్వ పాఠశాలకు ఒక యాజమాన్య కమిటీ యుండవలెననియు, అందు నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలు కావలెననియు విధించినది. 2024 డిసెంబరు 7వ తేదీన, రాయచోటి వార్త వచ్చిన ఆ వారమే, రాష్ట్రమంతట ప్రభుత్వ పాఠశాలలలో తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల మహా సమావేశమును జరిపిరి. మన ఊరి బడిలోను తోరణములు కట్టిరి, ముగ్గులు వేసిరి, తల్లులు కొంగులు సవరించుకొని చిన్న బల్లలమీద ఇరుకుగా కూర్చుండి తమ బిడ్డల నోటుపుస్తకములు త్రిప్పి చూచిరి. ఆ దినము బడి నిండెను.

ఆ తరువాత కమిటీ మామూలు సమావేశములు వచ్చినవి. విశ్రాంత ఉపాధ్యాయుడనని ఆదరముతో పిలుతురు గనుక నేను తప్పక పోవుదును. గడచిన మారు జరిగిన సమావేశమున తొమ్మిదవ తరగతి బాలురు ఇద్దరు కొట్టుకొని, ఒకని పెదవి చిట్లిన సంగతి విచారింపవలసి యుండెను. ప్రధానోపాధ్యాయురాలు ఇద్దరి యిండ్లకును కబురు పంపెను. ఆ దినము టమోటా ధర బాగుండెను. తెల్లవారకముందే ఊరు ఊరంతయు గంపలతో మదనపల్లె మార్కెట్టుకు పోయెను. పదునారు కుర్చీలు వేసియుంచిరి. అయిదుగురము వచ్చితిమి. ఆ ఇద్దరు బాలురును వాకిటిలో, వేపచెట్టు క్రింద, ఒకరికొకరు కొంచెము ఎడముగా నిలిచి, తమ వారెవరైన వచ్చుచున్నారేమో యని దారివైపు చూచుచుండిరి.